బతికున్నవాళ్ల వరస

"నువ్వే తీసేయించావు అన్నయ్యా. ఒప్పుకుంటే పోతుంది కదా."

"నేను కాదని ఎన్నిసార్లు చెప్పాలి స్టెల్లా?"

"మరెవరు? సమాధిలోంచి నాన్న ఫోన్ చేసి చెప్పారా?"

ఆ మాటతో జాయ్స్ వదిన ఇడ్లీ పళ్లెం పట్టుకుని వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది. కిరణ్ పాల్ అన్నయ్య కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. నాతో వాదించలేనప్పుడు చిన్నప్పటినుంచీ ఆయన చేసే పని అదే.

బల్ల మీద నా ఫోన్ ఉంది. అందులో నాన్న సమాధి రాయి నమూనా. మూసాపేట బండల దుకాణం నుంచి పొద్దున అన్నయ్యకి వచ్చింది. ఆయన సరిగ్గా చూడకుండానే మా ఇంటి గ్రూపులో పెట్టేశాడు.

ఎం. అబ్రహాం, విశ్రాంత ఉపాధ్యాయులు. ప్రభువునందు నిద్రించిరి. భార్య కృపమ్మ. కుమారుడు కిరణ్ పాల్. కోడలు జాయ్స్. మనుమడు ఫిలిప్.

అంతే. ఆరో తరగతి చదివే ఫిలిప్ గాడికి కూడా ఆ రాయి మీద చోటుంది. ఎనిమిది నెలలపాటు నాన్నకి చెంచాతో జావ పట్టి, రాత్రీ పగలూ ఒళ్లు తుడిచి, చివరి రోజున ఆయన కళ్లు మూసిన నాకు లేదు.

సాఫ్ట్‌వేర్‌లో టెస్టింగ్ నా ఉద్యోగం. ఇతరులు చేసిన తప్పులు వెతికి పట్టుకున్నందుకే పదమూడేళ్లుగా జీతం తీసుకుంటున్నాను. నా పేరు జారిపోతే నాకు కనబడదని వీళ్లెలా అనుకున్నారో నాకు అర్థం కాలేదు.

"పెళ్లి చేసుకోలేదు కాబట్టి నేను ఇంటి మనిషిని కాదా? ప్రగతి నగర్ ఇల్లు నాన్న నా పేరున రాశారని మీకు కోపమా? ఏదో ఒకటి మొహం మీద చెప్పండి."

"ఇంటి ఊసెందుకు తెస్తావు స్టెల్లా," అంది వదిన. "ఎవరడిగారు నిన్ను?"

"నువ్వు ఆగు వదినా. నీ పేరు ఉంది కదా."

అప్పుడు మాట్లాడింది అమ్మ. కిటికీ పక్కన పీట మీద కూర్చుని, ఒళ్లో చేట పెట్టుకుని వెల్లుల్లి ఒలుస్తోంది. శనివారం నాన్న నలభయ్యో రోజు జ్ఞాపకార్థ కూడిక. రెండు వందల మందికి భోజనాలు. ఈలోగా శుక్రవారం సాయంత్రానికి రాయి నిలబెట్టాలి.

"వాడి మీద ఎందుకు పడతావు? నేనే తీసేయమన్నాను."

అమ్మ గొంతు ఎత్తలేదు. ముప్పయ్యేళ్లు నర్సు ఉద్యోగం చేసింది. ఇంజక్షన్ ఇచ్చేటప్పుడు ఎలా మాట్లాడేదో ఇప్పుడూ అలాగే మాట్లాడింది.

"నువ్వా? ఎందుకమ్మా?"

"రాయి మీద చోటు చాల్లేదు."

"ఫిలిప్‌కి చాలిందిగా."

అమ్మ ఇంకో వెల్లుల్లి పాయ విడదీసింది.

"అమ్మా, నిన్నే."

"శనివారం అయిపోనివ్వు. తర్వాత మాట్లాడుకుందాం."

అన్నయ్య కళ్లజోడు పెట్టుకుని ఆఫీసుకి టైమైందంటూ లేచాడు. వదిన పళ్లెం అక్కడే పెట్టేసి ఆయన వెనకాలే వెళ్లింది. ఇద్దరూ నా వైపు చూడలేదు. అప్పుడే నాకు మొదటిసారి అనుమానం వచ్చింది. తప్పు చేసినవాళ్లు నాతో పోట్లాడతారు. వీళ్లు జాలిపడుతున్నారు.

స్కూటర్ తాళాలు తీసుకున్నాను.

"ఎక్కడికి?" అంది అమ్మ. ఈసారి ఆమె చేతులు ఆగాయి.

"మూసాపేట. నా పేరు నేనే రాయించుకుంటాను."

"స్టెల్లా, అక్కడికి వెళ్లొద్దు."

నేను అప్పటికే మెట్లు దిగుతున్నాను.

*

మూసాపేట మెట్రో స్టేషన్ దాటాక ఒక సందులో ఉంది బండల దుకాణం. రేకుల షెడ్డు, గోడకి చేరవేసిన నల్లరాళ్లు, అన్నిటి మీదా తెల్లటి దుమ్ము. కోత మిషన్ మోత సందు మొదటినుంచే వినిపిస్తోంది.

నేను స్కూటర్ ఆపేసరికి మిషన్ ఆగింది. లోపలినుంచి అరవై దాటిన మనిషి బయటికి వచ్చాడు. కనుబొమల మీద కూడా దుమ్మే. ఆయన పేరు మొగిలి అని, నాన్నకి చాలాకాలంగా తెలిసినవాడని అన్నయ్య ఒకసారి చెప్పాడు.

"నేను అబ్రహాం మాస్టారి అమ్మాయిని."

"ఎరికే బిడ్డా. రా, ఎండల నిలబడ్డవ్. గీ నీడకు రా."

ఆయన వెనకాల ఒక ఆవిడ వచ్చింది. ఆయన భార్య నీలమ్మ. ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి కొంగుతో తుడిచింది. తుడిచిన చోటే మళ్లీ తుడిచింది. నేను కూర్చున్నాక కూడా కుర్చీ చెయ్యి తుడుస్తూనే ఉంది. ఇంత మర్యాద నాకు ఇంట్లో ఎవరూ చెయ్యలేదు, అదీ ఈ పూట.

"తిన్నవా?" అంది.

"తిన్నానండీ," అని అబద్ధం చెప్పాను. మొగిలి వైపు తిరిగాను. "నమూనాలో నా పేరు పోయింది. మా అమ్మ తీసేయమన్నదట. మీరు మళ్లీ రాయాలి. కుమార్తె స్టెల్లా అని."

"మీ అన్న ఇచ్చిన కాయితంల ఉండె," అన్నాడు మొగిలి. గూట్లోంచి ఒక మడత కాగితం తీసి చూపించాడు. అన్నయ్య చేతిరాతే. కుమారుడు కిరణ్ పాల్, కుమార్తె స్టెల్లా. పొద్దున ఆయన్ని అన్ని మాటలు అన్నందుకు నాకు సిగ్గేసింది.

"మరి అమ్మ ఎందుకు తీసేయమంది?"

"నేను ఒక మాట అడిగిన. గందుకు."

"ఏమడిగారు?"

మొగిలి నీలమ్మ వైపు చూశాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఆయన కాసేపు గడ్డం మీది దుమ్ము తుడుచుకున్నాడు. తర్వాత గోడ దగ్గరికి వెళ్లి, అక్కడున్న గోనెపట్టా పైకి ఎత్తాడు.

పట్టా కింద ఒక చిన్న రాయి. పీటంత ఉంటుందేమో. మిషన్‌తో కాదు, ఉలితో చెక్కిన అక్షరాలు. మట్టి ఇంకా పూర్తిగా వదల్లేదు.

"మీ బాపును పెట్టే ముందటి రోజు గుంత తవ్వేటప్పుడు గిది తీసిన్రు. నాకాడికే తెచ్చిన్రు. ఒక్క సమాధిల ఇద్దరుంటే, పాత రాయి మీది పేరు గుడ కొత్త రాయి మీద ఎక్కిస్తం. గది మా పద్ధతి."

నేను వంగి చదివాను.

చంటిపాప స్టెల్లా. తండ్రి ఎం. అబ్రహాం. తల్లి కృపమ్మ. జననం 9-2-1989. మరణం 14-6-1989.

ఫిబ్రవరి తొమ్మిది, ఎనభై తొమ్మిది. నా ఆధార్ కార్డు మీద ఉన్న తేదీ అది. నా పాస్‌పోర్టు మీద, పదో తరగతి సర్టిఫికెట్టు మీద, నా ఆఫీసు ఐడీ కార్డు మీద ఉన్న తేదీ. ఏటా ఆ రోజున మా టీమ్ వాళ్లు కేక్ తెచ్చి నా మొహానికి పూస్తారు.

"ఇదేంటి?" అన్నాను.

"కొత్త రాయి మీద పైన సచ్చిపోయినోళ్ల వరస, కింద బతికున్నోళ్ల వరస ఉంటది," అన్నాడు మొగిలి. నా మొహం వంక కాకుండా రాయి వంకే చూస్తున్నాడు. "రెండు తావుల ఒక్కటే పేరు వస్తున్నది. గందుకే మీ అమ్మకు ఫోన్ చేసిన. స్టెల్లా అనే పేరు సచ్చిపోయినోళ్ల వరసల రాయాల్నా, బతికున్నోళ్ల వరసల రాయాల్నా అని అడిగిన."

"ఏమంది?"

"ఇగ, రెండిట్లకెళ్లి తీసెయ్యమన్నది."

నీలమ్మ స్టీలు గ్లాసుతో నీళ్లు తెచ్చి, నా చేతికి ఇవ్వకుండా తనే నోటి దగ్గర పెట్టింది. తాగాను.

"గా పెద్ద బిల్డింగుల పని చేస్తున్నవంట గద," అంది మెల్లగా. "ఇప్పుడు మీ ఆఫీసులున్న కాడ అన్నీ రాతి గుండ్లే ఉండె. మేం గాడనే రాళ్లు కొట్టినం. పదో తరగతిల నీ జడ మస్తు పొడుగుండె. ఎందుకు కత్తిరించినవ్?"

ఆ క్షణాన ఆ మాట నా చెవిలో పడింది గానీ బుర్రకి ఎక్కలేదు.

"ఏం రాయాల్నో రెండున్నర లోపల చెప్పుండ్రి," అన్నాడు మొగిలి, నా నంబరు అడిగి మిస్డ్ కాల్ ఇస్తూ. "మూడింటికి మిషన్ మీద పెడితేనే రేపటికి అయితది. తొందర పెడుతున్నననుకోకు బిడ్డా."

*

నాన్న గురించి ఒక సంగతి చెప్పాలి. లెక్కల పరీక్షలో పన్నెండు మార్కులొచ్చి ఇరవై రెండని చెప్పినందుకు, ఏడో తరగతిలో నన్ను రెండు రోజులు పలకరించని మనిషి ఆయన. తక్కువ మార్కులకి కాదు, అబద్ధానికి. మా ఇంట్లో అబద్ధం ఆడకూడదు తల్లీ అన్నారు.

ఏటా నవంబరు రెండున సమాధుల పండుగ. మా సంఘంలో పిల్లాజెల్లా అందరూ సమాధుల తోటకి వెళ్లి, రాళ్లు కడిగి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. నాన్న ఒక్కరే పొద్దున్నే వెళ్లేవారు. ఎవరి సమాధికి అంటే పాత స్నేహితుడని చెప్పేవారు. నేనూ వస్తానంటే, ఆడపిల్లలు అక్కడికి రాకూడదమ్మా అనేవారు. నా స్నేహితురాళ్లంతా వెళ్తున్నారు కదా అని అడగాలని నాకు తోచనే లేదు. నాన్న చెబితే అది నిజమే.

కేపీహెచ్‌బీ ఫ్లైఓవర్ దిగి హైటెక్ సిటీ వైపు వెళ్తూ ఇవన్నీ తలుచుకుంటున్నాను. ఏడుపు రాలేదు. ఒళ్లు మండుతోంది. వెనకనుంచి కారువాడు హారన్ కొడితే వాణ్ణి తిట్టాను. పాపం వాడికేం తెలుసు.

అన్నయ్య ఆఫీసు కింద రిసెప్షన్‌లో సెక్యూరిటీ అమ్మాయి ట్యాబ్ నా ముందుకు జరిపింది. పేరు, ఫోన్ నంబరు, ఎవరిని కలవాలి, సంబంధం. మొదటి గడి దగ్గరే నా వేలు ఆగిపోయింది.

"నింపండి మేడం, వెనక లైన్ ఉంది."

నింపాను. చివరి గడిలో చెల్లెలు అని కొట్టాను. ఇంకేం కొట్టాలో తెలియలేదు.

అన్నయ్య దిగి వచ్చి నా మొహం చూడగానే నా మోచెయ్యి పట్టుకుని బయట చెట్ల కింద సిమెంటు బెంచీ దగ్గరికి తీసుకెళ్లాడు. మా చుట్టూ మెడలో కార్డులు వేసుకున్నవాళ్లు టీ తాగుతున్నారు.

"రాయి చూశావా?"

"నీకు తెలుసన్నమాట."

కళ్లజోడు తీయబోయాడు. ఆ చేతిని పట్టుకుని ఆపాను.

"ఇవాళ అది తుడవకు. నా వైపు చూసి చెప్పు."

"ఎనిమిదేళ్ల వాణ్ణి స్టెల్లా. ఏం చెయ్యమంటావు? చెల్లికి విరేచనాలయ్యాయి, మూడు రోజుల్లో చచ్చిపోయింది. ఇంట్లో ఉయ్యాల విప్పేశారు. నన్ను అమ్మమ్మ ఊరు పంపేశారు, ఆగస్టులో తిరిగొచ్చేసరికి మళ్లీ ఉయ్యాల కట్టి ఉంది. అందులో నువ్వున్నావు. చెల్లి వచ్చేసిందిరా అన్నారు నాన్న. ఈమె చెల్లి కాదు నాన్నా అన్నాను. బైబిల్ మీద నా చెయ్యి పెట్టించి, ఇంకెప్పుడూ ఆ మాట అననని నాతో ఒట్టేయించారు."

"చర్చిలో ఎవరూ అడగలేదా?"

"ఆ నెలే ఇల్లు మారాం, చర్చి మారాం. పాప బాప్తిస్మం సర్టిఫికెట్టు ఉంది కదా, బడిలో అదే ఇచ్చారు."

అంటే నేను ఒక చచ్చిపోయిన పిల్ల కాగితాల మీద బతికాను. నా పరీక్షలు, నా ఉద్యోగం, నా ఓటు, అన్నీ ఆ పిల్లవే.

"నన్ను ఎక్కణ్ణుంచి తెచ్చారు?"

"నాకు తెలీదు. ప్రమాణంగా తెలీదు. అడిగితే నాన్న లేచి వెళ్లిపోయేవారు."

"వదినకి తెలుసా?"

అన్నయ్య నేల చూపులు చూశాడు.

"పెళ్లికి ముందే చెప్పాను. దాచి పెళ్లి చేసుకోవడం తప్పనిపించింది."

"వదిన దగ్గర దాచడం తప్పనిపించింది."

"స్టెల్లా..."

"నా దగ్గర దాచడం మాత్రం తప్పనిపించలేదు. పన్నెండేళ్లుగా వదిన నా పుట్టినరోజుకి కేక్ చేస్తోంది అన్నయ్యా. నా ఎదురుగా కొవ్వొత్తులు గుచ్చుతోంది. మీరందరూ కలిసి నన్ను మోసం చేశారు."

"కాగితంలో నీ పేరు నేను రాశాను," అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాకు ఉన్నది నువ్వొక్కదానివే చెల్లెలివి. ఆ పాప మొహం కూడా నాకు గుర్తులేదు."

ఆ మాట నిజమని తెలుస్తూనే ఉంది. అయినా నేను ఆయన చెయ్యి వదిలేసి స్కూటర్ దగ్గరికి నడిచాను.

*

ఇంటికి వచ్చేసరికి రెండు కావస్తోంది. అమ్మ అదే పీట మీద ఉంది. ఒలిచిన వెల్లుల్లి గిన్నె నిండా ఉంది. ఇడ్లీలు బల్ల మీద ఎండిపోతున్నాయి. వదిన ఇంటికి వెళ్లిపోయినట్టుంది.

నేను చెప్పులు కూడా విప్పలేదు.

"ఫిబ్రవరి తొమ్మిదిన నువ్వు సాయంత్రం దాకా పచ్చి మంచినీళ్లు ముట్టేదానివి కాదు. నా కోసం ఉపవాసం ఉంటున్నావని అందరికీ గొప్పగా చెప్పుకునేదాన్ని."

అమ్మ చేతిలోని వెల్లుల్లి రెబ్బ జారి కింద పడింది. తీయలేదు.

"రాయి చూసొచ్చావు."

"చూసొచ్చాను. ఇప్పుడు చెప్పు. నేనెవర్ని?"

"నా కూతురివి."

"నీ కూతురు చచ్చిపోయింది. రాయి మీద రాసి ఉంది."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తీసేసింది. ఆమె ఏడవడం నేను నాన్న పోయినరోజు కూడా చూడలేదు, ఇప్పుడూ ఏడవలేదు.

"పాప పోయిన పదకొండో రోజున రాయి చెక్కమని చెప్పడానికి వెళ్లాం, నేనూ మీ నాన్నగారూ. అప్పుడు రాళ్లు కొట్టేవాళ్లు గుండ్ల దగ్గరే గుడిసెలేసుకుని ఉండేవాళ్లు. మీ నాన్నగారు కాగితం మీద పేరు రాసి ఇస్తున్నారు. గుడిసెలోంచి పసిపిల్ల ఏడుపు వినిపించింది. ఆకలి ఏడుపు. వార్డులో రోజూ వినేదాన్ని కదా, నాకు తెలుసు. నా రవిక తడిసిపోయింది స్టెల్లా. పాప పోయింది గానీ పాలు పోలేదు."

నేను గోడకి ఆనుకున్నాను.

"లోపలికి వెళ్లాను. తల్లి టైఫాయిడ్‌తో లేవలేక పడి ఉంది. పాలు ఇంకిపోయాయి. పక్కన ముగ్గురు ఆడపిల్లలు. నువ్వు గోనెసంచి మీద ఉన్నావు. తీసుకుని రొమ్ముకి పెట్టుకున్నాను. ఎంత గట్టిగా పట్టుకున్నావో."

"బండల దుకాణం," అన్నాను. "మొగిలి."

అమ్మ తల ఊపింది.

కొంగుతో తుడిచిన కుర్చీ గుర్తొచ్చింది. నోటి దగ్గర పెట్టిన నీళ్ల గ్లాసు గుర్తొచ్చింది. పదో తరగతిల నీ జడ మస్తు పొడుగుండె. ఆవిడని నేను చూడటం ఇవాళే. నా జడ సంగతి ఆవిడకెలా తెలుసు?

"నాన్న సమాధుల పండుగకి వెళ్లేది వాళ్ల కోసమేనా?"

"ఏటా నీ ఫోటో ఒకటి తీసుకెళ్లేవారు. ఆవిడ అక్కడికి వచ్చి చూసుకుని వెళ్లేది. అంతకంటే ఏమీ అడగలేదు."

"అందుకే నన్ను రానివ్వలేదు."

"నిన్ను చూస్తే అడుగుతుందని భయం." అమ్మ కింద పడ్డ వెల్లుల్లి రెబ్బ తీసి చేటలో వేసింది. "మొన్న మొగిలి ఫోన్ చేసి ఆ మాట అడిగితే నాకు నోట మాట రాలేదు. పైన రాస్తే కిందున్న నీ గురించి అందరూ అడుగుతారు. కింద రాస్తే, పైనున్న నా బిడ్డ ఎప్పుడూ పుట్టనే లేదన్నట్టు. నేనేం చెయ్యను? ఇద్దర్నీ తీసేయమన్నాను."

ఒక్క క్షణం ఆమె మీద జాలి వేసింది. ఆ జాలి మీదే మళ్లీ కోపం వచ్చింది.

"నన్ను వాళ్లు ఎలా ఇచ్చారు? రాసిచ్చారా?"

"ఆ రోజుల్లో రాతకోతలు ఎవరు చూశారు. నలుగురు ఆడపిల్లలు, తినడానికి లేదు. ఇచ్చేశారు."

"ఇచ్చేశారు."

"ఇచ్చేశారు. మీ నాన్నగారు చదివిస్తానన్నారు. సంతోషంగా ఇచ్చారు."

"వాళ్లు నాకేం పేరు పెట్టారు?"

"పేరేం పెట్టలేదు." ఈసారి జవాబు చప్పున వచ్చింది. "వాళ్లలో అంత తొందరగా పెట్టరు. నీకు పేరంటూ ఉంటే అది మేం పెట్టిందే."

నా ఫోన్ మోగింది. మొగిలి. టైమ్ రెండూ ఇరవై.

అమ్మ చెయ్యి చాపింది. "ఇటివ్వు. నేను మాట్లాడతాను."

ఇవ్వలేదు. స్పీకర్ ఆన్ చేశాను. వెనకనుంచి కోత మిషన్ మోత గదంతా నిండింది.

"ఏం రాయమంటవు బిడ్డా? రాయి మిషన్ మీదికి ఎక్కిస్తున్నం."

"మా అమ్మ నా పక్కనే ఉంది," అన్నాను. "ఎక్కణ్ణుంచి వచ్చానో చెప్పింది."

మిషన్ ఆగింది. ఎవరో దూరంగా ఏదో అడుగుతున్నారు. నీలమ్మ గొంతు.

"చెప్పిందా," అన్నాడు మొగిలి.

"మీరు నన్ను ఇచ్చేశారట. నిజమేనా?"

మాట్లాడినప్పుడు ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది.

"ఇచ్చేసుడేంది బిడ్డా. పాలకిచ్చినం. పెంచుకోనీకి ఇయ్యలె. నీలమ్మకు పానం బాగయ్యేదాంక మీ అమ్మ తానుంచుకుంటనన్నది. మూడు నెలలైనంక దసరాకు నిన్ను తెచ్చుకుందమని పోతే మూసాపేటల ఇల్లు ఖాళీ ఉండె. సార్ మళ్ల అయిదేండ్లకు సమాధుల కాడ దొరికిండు. కాళ్లు మొక్కిండు. పిల్ల బడికి పోతున్నది, మిమ్ములను చూస్తే బెదురుతదన్నడు. ఏం జేస్తం. ఊకున్నం."

అమ్మ పీట మీదినుంచి లేచింది. చేటలోని వెల్లుల్లి పొట్టు నేలంతా పడింది.

"స్టెల్లా, ఫోన్ పెట్టెయ్. ముందు నా మాట విను."

"ఒక్కటి చెప్పండి," అన్నాను ఫోన్‌లోకి. "నాకు పేరేమైనా పెట్టారా? అమ్మ పెట్టలేదంటోంది."

"పెట్టకపోవుడేంది. ఇరవై ఒక్క దినం నాడు తొట్టెల ఏసి, పదిమందిని పిలిచి పెట్టినం."

"ఏం పేరు?"

అవతల నీలమ్మ ఏదో అంది. మొగిలి ఆమెకి సర్ది చెబుతున్నాడు. మళ్లీ ఫోన్ దగ్గరికి వచ్చాడు.

"నేను చెప్పనంటున్నది నీలమ్మ. మీ అమ్మనే అడగమంటున్నది. జరంలున్నా గుడ మీ అమ్మ చెవిల పేరు చెప్పినంకనే నిన్ను చేతికిచ్చింది. గా పేరుతోనే పిలువుమని మాట తీసుకున్నది. మీ అమ్మకు ఎరికే. రాయి మీద ఏం రాయాల్నో గది తెలిసినంకనే చెప్పు బిడ్డా. అప్పటిదాంక మిషన్ పెట్టను."

ఫోన్ అలాగే పట్టుకుని అమ్మ వైపు తిరిగాను.

అమ్మ కిటికీ ఊచలు పట్టుకుని, వీపు నా వైపు పెట్టి నిలబడింది.

"చెప్పమ్మా," అన్నాను. "నన్నొక్కసారి పిలువు."